పని పోయింది సరే, గది కూడా ఖాళీ చేయాలా?

ఈసారి ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే బాధ. వాచ్‌మన్‌గానో కేర్‌టేకర్‌గానో పెట్టుకున్నారు, పనితో పాటు గది ఇచ్చారు, ఇప్పుడు పని మానేయమంటున్నారు, గది కూడా వెంటనే ఖాళీ చేయమంటున్నారు. ఇటువైపు వాళ్ళూ రాశారు, అటువైపు ఓనర్లూ రాశారు. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చేసారికి ఉంచి ఈ నాలుగూ తీసుకున్నా.

ప్రశ్న: మేడం గారూ, మాది శ్రీకాకుళం జిల్లా, విజయవాడలో ఒక అపార్ట్‌మెంట్‌లో మా నాన్న 14 ఏళ్ళ నుంచి వాచ్‌మన్. సెల్లార్‌లో లిఫ్ట్ పక్కన ఒక్క గది, అందులోనే నలుగురం. నాన్న గేటు, మోటారు, జనరేటర్ చూసుకుంటే అమ్మ మెట్లు ఊడ్చి కడిగి చెత్త తీస్తుంది, ఇద్దరికీ కలిపి ఇచ్చేది 9 వేలు. కొత్త కమిటీ వచ్చి సెక్యూరిటీ ఏజెన్సీకి ఇచ్చేశాం, నాలుగు రోజుల్లో ఖాళీ చేయండి, లేకపోతే కరెంటు తీసేస్తాం అంటున్నారు. నాకు డిగ్రీ ఫైనల్ ఇయర్ పరీక్షలు, తమ్ముడు టెన్త్. 12 ఏళ్ళు దాటితే గది మీద హక్కు వస్తుంది, కోర్టుకెళ్ళి స్టే తెచ్చుకోండి అని పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ మామయ్య అంటున్నాడు. నిజమేనా? మాకు రావాల్సిన డబ్బులు ఏమైనా ఉంటాయా?

జవాబు: అమ్మా, ముందు ఆ 12 ఏళ్ళ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే దాన్ని నమ్ముకుని చేతిలో ఉన్న నాలుగు రూపాయలు లాయర్ ఫీజుకి పోగొట్టుకున్న కుటుంబాల్ని నేను చూశాను. 1963 లిమిటేషన్ చట్టంలో 12 ఏళ్ళ మాట ఉన్నది నిజమే, కానీ అది ఓనర్ హక్కుని కాదని, ఇది నాదే అని బాహాటంగా ఎదురు నిలబడి ఉన్నవాళ్ళకి. మీ నాన్న అలా రాలేదు కదా, వాళ్ళు రమ్మంటే వచ్చారు, వాళ్ళిచ్చిన గదిలో వాళ్ళ పని కోసం ఉన్నారు. అనుమతి మీద ఉన్నవాళ్ళు 14 ఏళ్ళు కాదు 40 ఏళ్ళు ఉన్నా ఆ ఉండటం హక్కుగా మారదు. సుప్రీంకోర్టు 2012లో గోవా నుంచి వచ్చిన ఒక కేసులో ఈ మాట చాలా గట్టిగా చెప్పింది, కేర్‌టేకర్ గానీ వాచ్‌మన్ గానీ పనివాడు గానీ ఎన్నేళ్ళున్నా ఆ ఆస్తిలో వాటా పుట్టదు, అడిగినప్పుడు అప్పగించాల్సిందే అని. ఆ కేసులో ఇల్లు సోదరిది, కేర్‌టేకర్‌గా ఉన్నది సొంత సోదరుడు, ఆయనకే దొరకలేదు. కాబట్టి గది మాకే ఉంచండి అని స్టే కోసం తిరగొద్దు. చట్టం మీ వైపు లేని చోట మీ బలం అంతా ఖర్చు పెట్టొద్దు తల్లీ, ఉన్న చోట పెడదాం.

ఉన్న చోట్లు రెండు, గడువు ఒకటి, డబ్బు ఒకటి.

గడువు చూద్దాం ముందు. మీ గదిని లాయర్ల భాషలో లైసెన్స్ అంటారు, అంటే అద్దె కాదు, ఉండటానికి ఇచ్చిన అనుమతి. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 63వ సెక్షన్ ఏమంటుందంటే, అనుమతి రద్దు చేసినా ఆ మనిషి వెళ్ళిపోవడానికి, సామాను తీసుకెళ్ళడానికి సబబైన టైం ఇవ్వాలి అని. ఎన్ని రోజులు అని అంకె రాయలేదు, అదే మీకు మేలు, ఎందుకంటే 14 ఏళ్ళు కాపురమున్న కుటుంబానికి, పిల్లలు పబ్లిక్ పరీక్షలు రాయబోతుంటే నాలుగు రోజులు సబబు అని ఏ జడ్జి గారూ అనరు. కాబట్టి మీ నాన్న పేరుతో తెల్లకాగితం మీద తెలుగులోనే రాయండి, ఫలానా తేదీకి పరీక్షలు అయిపోతాయి, ఆ తర్వాత వారంలో ఖాళీ చేస్తాం, ఈలోపు కరెంటు నీళ్ళు ఆపొద్దు అని. తేదీ తప్పకుండా వేయండి, తేదీ లేకపోతే టైం లాగుతున్నారు అంటారు. ప్రెసిడెంట్‌కీ సెక్రటరీకీ రిజిస్టర్ పోస్టులో పంపి ఆ రసీదు దాచుకోండి, అదే కాగితం ఫోటో తీసి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టమనండి. ఇరవై ఫ్లాట్ల వాళ్ళలో కనీసం ఇద్దరు ముగ్గురు, మీ అమ్మ చేతి కాఫీ తాగినవాళ్ళు, జ్వరమొస్తే మీ నాన్నని మందుల షాపుకి పంపినవాళ్ళు ఉంటారు, వాళ్ళు మాట్లాడితే కమిటీ మెత్తబడుతుంది. ఇది చట్టం కాదు గానీ నా అనుభవంలో నోటీసు కంటే ముందు పనిచేసేది ఇదే.

సామాన్లు బయట పడేస్తామన్నా, గదికి తాళం వేసినా అది తప్పు. గది వాళ్ళదే అయినా మనుషుల్ని బెదిరించి, చెయ్యి పట్టుకు లాగి ఖాళీ చేయించే అధికారం ఎవరికీ లేదు. పోలీస్ స్టేషన్‌కి వెళ్తే ఇది సివిల్ మ్యాటర్ అమ్మా అని పంపించేస్తారేమో, అప్పుడు గది గురించి మాట్లాడకండి, బెదిరింపు గురించి, అడ్డగించడం గురించి మాట్లాడండి, అవి భారతీయ న్యాయ సంహితలో నేరాలు. 15100 అని లీగల్ సర్వీసెస్ నంబరు ఉంది, ఫోన్ చేయండి. అర్జీ మీ అమ్మ పేరుతో ఇప్పించండి, ఎందుకంటే ఆడవాళ్ళకీ ఎస్సీ ఎస్టీలకీ ఆదాయం ఎంతున్నా లాయర్ ఉచితం, 1987 చట్టంలోనే ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోనే వాళ్ళ ఆఫీసు ఉంటుంది.

ఇక డబ్బు. ఇక్కడ నాకు కోపం వచ్చింది, దాచుకోను. ఇద్దరి చాకిరీకి 9 వేలు ఇచ్చి, మిగతాది గదిలో సరిపోయిందిలే అనుకుంటారు. అలా కుదరదు. 1948 కనీస వేతనాల చట్టంలోనే ఉంది, ఇప్పుడు దాని చోటికి వచ్చిన వేతనాల కోడ్‌లోనూ ఉంది, ఉండటానికి ఇచ్చిన ఇల్లు, కరెంటు, నీళ్ళు వీటి విలువ జీతంలోకి రాదు అని. అంటే గది ఇచ్చాం కాబట్టి తక్కువ ఇచ్చాం అనే లెక్క చెల్లదు. రెండోది, మీ అమ్మ పని మీ నాన్న పనిలో భాగం కాదు, ఆవిడ వేరే మనిషి, ఆవిడ చేసేది వేరే పని, ఆవిడకి వేరే జీతం. అర్జీలో ఇద్దరి పేర్లూ విడివిడిగా రాయండి, ఎవరు ఏ టైంలో ఏ పని చేశారో, పొద్దున ఎన్నింటికి మోటారు వేసేవారో, రాత్రి గేటు ఎన్నింటికి వేసేవారో అన్నీ రాయండి.

ఈ వేతనాల కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. పనిలోంచి తీసేస్తే రావాల్సిన జీతం రెండు పని దినాల్లో ఇచ్చేయాలి, తక్కువ ఇచ్చినదాని మీద క్లెయిమ్ మూడేళ్ళ లోపు వేసుకోవచ్చు. లేబర్ ఆఫీసుకి వెళ్ళండి. మాది వ్యాపారం కాదు, మాకు లేబర్ చట్టాలు వర్తించవు అని అసోసియేషన్ వాళ్ళు అంటారు, వాళ్ళ చేతిలో ఒక జడ్జిమెంట్ కూడా ఉంది, సోమ్ విహార్ అపార్ట్‌మెంట్ కేసు, 2002. ఫ్లాట్ల వాళ్ళు తమ సొంత సౌకర్యం కోసం పెట్టుకున్న పనివాళ్ళ విషయంలో ఆ సొసైటీ పరిశ్రమ కాదు, వాళ్ళు పారిశ్రామిక వివాదాల చట్టం కింద కార్మికులు కారు అని సుప్రీంకోర్టు అందులో చెప్పింది. అందుకే తిరిగి ఉద్యోగంలో పెట్టుకోమని లేబర్ కోర్టుకి వెళ్తే నిలవడం కష్టం, ఆ ఆశ పెట్టను మీకు. కానీ ఉద్యోగం వెనక్కి ఇమ్మనడం వేరు, చేసిన పనికి జీతం అడగడం వేరు, ఆ కేసు చూపించి దీన్ని కూడా ఎగ్గొట్టాలని చూస్తే ఒప్పుకోకండి, అర్జీ ఇవ్వడం మానకండి.

రుజువులు ఇప్పుడే, గదిలో ఉండగానే పోగేయండి. ఫోన్‌పేలో వచ్చిన జీతం స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ గ్రూపులో వాచ్‌మన్‌ని పంపండి, వాచ్‌మన్ జీతం ఇంత అని పెట్టిన మెసేజ్‌లు, నెలనెలా మెయింటెనెన్స్ లెక్క నోటీసు బోర్డు మీద అంటిస్తారు కదా అందులో వాచ్‌మన్ శాలరీ అని ఒక లైన్ ఉంటుంది, దాన్ని ఫోటో తీయండి, అంతకంటే మంచి సాక్ష్యం లేదు, కమిటీ సంతకంతోనే ఉంటుంది. ఆధార్ అడ్రస్ ఆ అపార్ట్‌మెంట్‌దే అయితే అది ఎన్నాళ్ళ నుంచి ఉన్నారో చూపిస్తుంది, అంతే, గది మీద హక్కు మాత్రం ఇవ్వదు.

వాళ్ళు మాట్లాడుకుందాం అంటే లీగల్ సర్వీసెస్ ఆఫీసులో కేసు వేయకముందే లోక్ అదాలత్ పెట్టించుకోవచ్చు, కోర్టు ఫీజు ఉండదు, అక్కడ రాసుకున్న ఒప్పందం కోర్టు డిక్రీతో సమానం. అందులో మూడు విషయాలు ఉండేలా చూడండి, ఏ తేదీకి ఖాళీ చేస్తారు, ఆ తేదీకి ఎంత ఇస్తారు, అప్పటిదాకా కరెంటు నీళ్ళు ఉంటాయి. డబ్బు చేతికి వచ్చాకే తాళం ఇవ్వాలి, తాళం ఇచ్చేటప్పుడు ఖాళీ గది ఫోటోలు తీసుకోవాలి, ఏదో పోయిందని తర్వాత మీ నాన్న మీద నింద వేయకుండా. ఖాళీ కాగితం మీద మాత్రం నాన్న చేత సంతకం పెట్టించనివ్వకు అమ్మా, నువ్వు చదువుకున్నావు, నువ్వు చదివాకే పెట్టమను.

ప్రశ్న: విశాఖపట్నంలో ఒక ప్రైవేట్ కంపెనీ గెస్ట్‌హౌస్‌లో మా ఆయన 11 ఏళ్ళు కేర్‌టేకర్‌గా చేసి రెండు నెలల కింద గుండెపోటుతో పోయారు. వెనకాల క్వార్టర్‌లో నేనూ మా అత్తగారూ ఉంటున్నాం. క్వార్టర్ ఖాళీ చేస్తేనే సెటిల్‌మెంట్ అంటున్నారు, లేకపోతే కేసు పెడతాం జైలు అని హెచ్‌ఆర్ ఆయన భయపెడుతున్నాడు. ఉద్యోగం చేసింది ఆయన కదా, నా మీద కేసు ఎలా పెడతారు?

జవాబు: అమ్మా, మీకు ఈ కష్టం రావాల్సింది కాదు. నిజం చెప్పాలి కాబట్టి చెప్తున్నా, కేసు పెట్టగలరు. 2013 కంపెనీల చట్టం 452వ సెక్షన్ కింద కంపెనీ ఆస్తిని అక్రమంగా ఉంచుకుంటే లక్ష నుంచి 5 లక్షల దాకా జరిమానా ఉంది, అప్పగించమని కోర్టు ఆర్డర్ ఇచ్చాక కూడా ఇవ్వకపోతే రెండేళ్ళ దాకా జైలు. పాత కంపెనీల చట్టంలో ఇలాంటి సెక్షన్ మీదే 1995లో సుప్రీంకోర్టు, ఉద్యోగి చనిపోతే అదే క్వార్టర్‌లో ఉండిపోయిన కుటుంబానికి కూడా ఇది వర్తిస్తుంది అని చెప్పింది. కాబట్టి ఆయన ఉద్యోగం, నాకేం సంబంధం అనే వాదన నిలవదు.

కానీ ఆ హెచ్‌ఆర్ ఆయన మీకు చెప్పనిది ఒకటుంది. అదే సెక్షన్‌లో, పీఎఫ్, పెన్షన్, గ్రాట్యుటీ, వెల్ఫేర్ ఫండ్ కట్టకుండా కంపెనీ బాకీ ఉన్న సందర్భంలో జైలు శిక్ష వేయకూడదు అని కూడా రాసి ఉంది. జైలు జైలు అని రేపు మళ్ళీ అంటే, సెక్షన్ మొత్తం చదివి చెప్పండి సార్ అని అడగండి.

గ్రాట్యుటీకి మామూలుగా ఐదేళ్ళ సర్వీసు కావాలి, ఉద్యోగంలో ఉండగా చనిపోతే ఆ నియమం కూడా లేదు, మీ ఆయనకి ఎటూ 11 ఏళ్ళున్నాయి. చివరి జీతాన్ని 26తో భాగించి 15తో గుణించి, దాన్ని మళ్ళీ 11తో గుణించండి, అది మీ డబ్బు. చివరి జీతం అంటే ముఖ్యంగా బేసిక్, డీఏ (కరువు భత్యం). ఉదాహరణకి అవి 13 వేలు అయితే సంవత్సరానికి 7,500 చొప్పున 82,500 వస్తుంది. 30 రోజుల్లో ఇవ్వాలి, దాటితే వడ్డీతో. 1972 గ్రాట్యుటీ చట్టంలో ఉన్న ఈ నియమమే కొత్త సోషల్ సెక్యూరిటీ కోడ్‌లో కూడా కొనసాగింది. పీఎఫ్ వేరే, అది కంపెనీ దగ్గర ఉండదు పీఎఫ్ ఆఫీసులో ఉంటుంది, క్వార్టర్‌తో దానికి ముడి పెట్టే అధికారం కంపెనీకి లేదు. పీఎఫ్ ఉన్న ఉద్యోగి సర్వీసులో పోతే భార్యకి నెలనెలా పెన్షన్ వస్తుంది, ఈడీఎల్‌ఐ అని ఇన్సూరెన్స్ ఉంది, అది గరిష్ఠంగా 7 లక్షల దాకా. పే స్లిప్ మీద యూఏఎన్ అని పీఎఫ్ నంబరు ఉంటుంది, అది పట్టుకుని పీఎఫ్ ఆఫీసుకి వెళ్ళండి, డెత్ సర్టిఫికెట్ పది కాపీలు దగ్గర పెట్టుకోండి.

ఇక క్వార్టర్ గురించి నా సలహా, పట్టుకుని కూర్చోవద్దు. డబ్బు ఇచ్చేదాకా కదలను అనడం న్యాయంగానే అనిపిస్తుంది, మీ స్థానంలో ఉంటే నాకూ అలాగే అనిపించేది. కానీ గడువు దాటి ఉంటే పీనల్ రెంట్, అంటే జరిమానా అద్దె వేస్తారు, ఆ పీనల్ రెంట్‌ని గ్రాట్యుటీలోంచి సర్దుకోవచ్చని సుప్రీంకోర్టు 2020లో సెయిల్ అనే ప్రభుత్వ ఉక్కు కంపెనీ ఉద్యోగి కేసులో ఒప్పుకుంది. అంటే మీరు అక్కడ ఉన్న ప్రతి నెలా మీ డబ్బే కరిగిపోయే ప్రమాదం ఉంది. ఫలానా తేదీకి ఖాళీ చేస్తాను, అదే రోజు గ్రాట్యుటీ చెక్కు ఇవ్వండి అని రాసి ఇవ్వండి, అత్తగారి వయసు, వైద్యం సంగతి కూడా రాయండి, రెండు మూడు నెలలు అడగండి, అడగడంలో తప్పులేదు.

ప్రశ్న: నేను న్యూజెర్సీలో ఉంటాను. తెనాలిలో మా అమ్మ కోసం కింద గదిలో ఒక జంటని పెట్టాం, ఆరేళ్ళున్నారు. అమ్మ పోయి ఏడాదైంది, ఇల్లు అమ్మకానికి పెట్టాను, వాళ్ళు కదలడం లేదు, 5 లక్షలు ఇస్తే పోతాం అంటున్నారు. కరెంటు తీయించి, నలుగురు మనుషుల్ని పంపి ఖాళీ చేయిద్దామని మా బావ అంటున్నాడు. చేయొచ్చా?

జవాబు: చేయకూడదు బాబూ. మీ బావగారికి కూడా గట్టిగా చెప్పండి. ఇప్పుడు చట్టం పూర్తిగా మీ వైపు ఉంది, పైన విజయవాడ అమ్మాయికి చెప్పిన 2012 తీర్పే మీకు ఆయుధం. నలుగురు మనుషుల్ని పంపిన మరుక్షణం ఆ మనుషులు, మీ బావ, మీరు అందరూ క్రిమినల్ కేసులో ఉంటారు, ఇల్లు కొనడానికి వచ్చినవాడు కేసు ఉందని తెలిసి వెనక్కి పోతాడు.

పద్ధతి ఇలా. ముందు లాయర్ నోటీసు ఇప్పించి, అనుమతి రద్దు చేశాం, ఫలానా తేదీలోగా ఖాళీ చేయండి అని టైం ఇవ్వండి. ఆ టైం అయ్యాక మాండేటరీ ఇంజంక్షన్, అంటే ఖాళీ చేయమని కోర్టు ఆదేశించాలని కోరే దావా వేయొచ్చు, లైసెన్స్ మీద ఉన్నవాళ్ళని పంపడానికి అది చాలు అని 1985లో సుప్రీంకోర్టు సంత్ లాల్ జైన్ కేసులో చెప్పింది, కాకపోతే ఆలస్యం చేయకుండా వేయాలి. ఇప్పటికే ఏడాది పోనిచ్చారు, అదే నాకు నచ్చలేదు, ఇంకా ఆగితే స్వాధీనం కోసం మామూలు దావా వేయాల్సి వస్తుంది. మీరు రాలేరు కాబట్టి పవర్ ఆఫ్ అటార్నీ కావాలి, అక్కడ కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపండి, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంప్ వేయించాలి, ఆ గడువు మర్చిపోయి ఇబ్బంది పడేవాళ్ళు చాలామంది. బావగారికి కాకుండా కాస్త నెమ్మదస్తులకి ఇవ్వండి.

ఇంకో మాట, ఇది మీరు అడగలేదు. ఆరేళ్ళు మీ అమ్మగారిని చూసుకున్నది ఆ ఇద్దరూ. స్నానం చేయించింది, ఆస్పత్రికి తీసుకెళ్ళింది, రాత్రి లేచి నీళ్ళిచ్చింది వాళ్ళు. వాళ్ళడిగిన 5 లక్షలు హక్కుగా రావు, నిజమే, కానీ అమ్మగారు పోయాక ఈ ఏడాది ఇంటికి కాపలా ఉన్నదానికి జీతం ఇచ్చారా? మీ ఉత్తరంలో ఆ మాటే లేదు. ఇవ్వకపోతే అది బాకీ. నోటీసు పంపే ముందు ఒకసారి మీరే వీడియో కాల్ చేసి మాట్లాడండి, ఏడాది జీతం, వేరే ఇంటికి అడ్వాన్స్, సామాను మార్చుకునే ఖర్చు ఇస్తాను అనండి. కోర్టులో పట్టే సంవత్సరాలు, లాయర్ ఫీజు లెక్కేస్తే అదే తక్కువ, పైగా అమ్మగారి చివరి రోజుల గురించి మీకు చెప్పగలిగేది వాళ్ళు మాత్రమే. ఒప్పుకుంటే లోక్ అదాలత్‌లో రాయించండి, ఉత్త మాట మీద డబ్బు ఇవ్వొద్దు.

ప్రశ్న: ఏలూరులో అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని. నెలకి 12 వేలు జీతంలో గది అద్దె అని 1,500 పట్టుకుంటున్నారు. అద్దె కడుతున్నట్టే కదా, మరి నేను అద్దెదారుని అవుతానా?

జవాబు: తమ్ముడూ, మంచి ప్రశ్న. అద్దె అనే మాట ఒక్కటే సరిపోదు, ఆ గది మీకు ఎందుకు ఇచ్చారు అన్నది చూస్తారు. వాచ్‌మన్ పని కోసమే ఇచ్చి పని ఉన్నంత వరకే అనుకుంటే, డబ్బు పట్టుకున్నా అది ఉద్యోగంతో ముడిపడిన గదే, పని పోతే గది పోతుంది. అదే మీరు పని మానేశాక కూడా నెలనెలా అద్దె తీసుకుంటూ ఉండనిస్తే కథ మారుతుంది, అప్పుడు అద్దెదారుని అని వాదించే చోటు వస్తుంది. అందుకే పట్టుకున్న ప్రతి నెలకీ కాగితం అడగండి.

ఇచ్చిన ఇంటికి జీతంలో కోత వేయడం చట్టంలో ఉన్నదే, ఆ పేరు చెప్పి ఈ పేరు చెప్పి మొత్తం కోతలు జీతంలో సగం దాటకూడదు. కానీ గది లేకుండా రాత్రి కాపలా ఎలా కాస్తారు? ఆ గది మీ సుఖం కోసం కాదు, వాళ్ళ అవసరం కోసం. ఈ మాట వచ్చే మీటింగ్‌లో అడగండి, 1,500 తీసేయించండి. తీసేయకపోతే ఇప్పటిదాకా ఎన్ని నెలలు పట్టుకున్నారో లెక్క రాసి పెట్టుకుని నాకు మళ్ళీ రాయండి, లేబర్ ఆఫీసుకి ఇవ్వాల్సిన అర్జీ నమూనా పంపిస్తాను.